వేడిమీదే జవాబు

కుట్టుపనావిడ సంచి సర్దుకుంటోంది.

రెండు జతల బట్టలు, కళ్లజోడు, చిన్ననాటి స్నేహితురాలు చిలక కోసం కుట్టిన దిండు గలీబులు. పదకొండేళ్ల తర్వాత చూడబోతోంది మరి!

తలుపు చప్పుడైంది. మూడంతస్తులెక్కిన ఆయాసంతో పోస్టు పెద్దాయన.

"చిలకమ్మగారి ఉత్తరం. జవాబు రాసివ్వండి, పట్టుకెళ్తాను."

ఎప్పుడూ ఇదే వరస. జవాబు చేతికొచ్చేదాకా మెట్టుమీంచి లేవడు.

"రేపు నేనే వెళ్తుంటే ఇంకా ఉత్తరమెందుకు పెద్దాయనా?"

"మనిషి దారి మనిషిది, ఉత్తరం దారి ఉత్తరానిది. ఇస్త్రీ వేడిమీదే చెయ్యాలని మీకు నేను చెప్పాలా? రేపన్నారంటే ఇక నెలే."

"అబ్బ, వదలరు కదా! మీకు వేరే ఇళ్లు లేవా?"

"లేవమ్మా," అని నవ్వాడు.

ఆమే ఓడిపోయింది. 'రేపు బయల్దేరుతున్నా. తలుపు తీసి ఉంచు' అని రాసిచ్చింది. ఇస్తూ చూసింది. ఆయన ఖాకీ చొక్కా జేబుమీద బిళ్ల ఊడిన చోట రెండు కన్నాలు.

"తిరిగొచ్చాక రఫ్ఫు చేసిపెడతా."

"తొందరేం లేదమ్మా."

"జవాబుకైతే తొందర, చొక్కాకైతే లేదా!"

ఆ ఉత్తరం మూడోరోజున చేరింది. అప్పటికి తను చిలక వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

"ఎంతమంది ఉండేవారే నాకు! రేపు రాద్దాంలే అనుకుంటూ అందరూ జారిపోయారు. నువ్వొక్కదానివే ఏనాడూ ఆలస్యం చెయ్యలేదు," అంది చిలక.

ఆ పొగడ్త ఎవరికి చెందాలో ఆమెకు తెలుసు. అయినా తనే ఉంచేసుకుంది.

పది రోజులకు ఖాకీ దారపు ఉండతో ఇల్లు చేరింది. తర్వాతి ఉత్తరం కింద పెట్టెలో పడింది.

"పైకి తెచ్చిచ్చే పెద్దాయనేడమ్మా?" అని పోస్టమ్మాయిని అడిగింది.

"పైకా? మేం అందరివీ ఈ పెట్టెలోనే వేస్తాం పిన్నిగారూ. ఆయన రిటైరై ఆరేళ్లయింది. మీ ఉత్తరమొస్తే మాత్రం, నేనిస్తాలే అని పట్టుకెళ్లేవాడు. ఎప్పుడో స్నేహితుడికి రేపు రాద్దాంలే అని ఆగాడట. ఆ మనిషి ఆగలేదట."

ఆమె పైకెళ్లి, ఆయన మెట్టుమీదే కూర్చుని జవాబు రాసింది. తనే కిందికి దిగి పోస్టులో వేసొచ్చింది.

ఆమె ఊరెళ్లిన మర్నాడు, బుధవారం, పెద్దాయన ఆస్పత్రికెళ్లి తిరిగి రాలేదు.