బొరియలోని పాట

ఒక అడవిలో వెదురు పొద కింద ఒక బొరియ ఉండేది. అందులో కీచురాయి పాడేది, పందికొక్కు కాళ్లతో నేలను తట్టి తాళం వేసేది. వినడానికి వచ్చిన జంతువులు తలా కొన్ని గింజలు తెచ్చేవి. వాటితోనే ఆ రెండూ బతికేవి.

ఒకరోజు గోరింక బొరియ ముందు వాలి, తాళంతో సహా పాటంతా నేర్చుకుంది. మర్నాటి నుంచి చెట్టుచెట్టుకూ తిరిగి పాడింది. ఉన్నచోటికే పాట వస్తుంటే బొరియ దాకా ఎవరు నడుస్తారు? గింజలు రావడం ఆగిపోయింది.

"ఆకలికి ఆగలేను తమ్ముడూ," అని పందికొక్కు పొలాల వైపు వెళ్లింది. అక్కడ ఉచ్చులో పడి చచ్చిపోయింది.

బొరియ పక్క కొమ్మ మీద వాలిన గోరింకను కీచురాయి నిలదీసింది.

"నీ పాట నీ దగ్గరే ఉందిగా అన్నా," అంది గోరింక. "నేను పదిమందికీ వినిపించాను. అందులో తప్పేముంది?"

అప్పుడే వాగు అవతలి నుంచి మూడు రోజులు నడిచి ఒక తాబేలు వచ్చింది. తెచ్చిన రేగుపండు బొరియ ముందు పెట్టింది.

"గోరింక పాడగా విన్నాను. మీ నోట వినాలని వచ్చాను," అంది.

కీచురాయి ఒంటరిగా పాడింది.

"తాళం ఏదీ?" అని అడిగింది తాబేలు.

"వేసేవాడు పోయాడు."

తాబేలు తల వంచుకుంది. కీచురాయి కొమ్మ వైపు చూసింది.

"ఈ పాట ఎవరిదని నిన్ను ఎంతమంది అడిగారు?"

"ఈ తాబేలు ఒక్కటే," అంది గోరింక.

"అడగనివాళ్లకి నువ్వు చెప్పలేదా?"