గిజిగాడు గెలిచిన దావా

ఏటిగట్టు తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు ముచ్చటగా గూడు అల్లుకున్నాడు. ఒక కోతి కావాలనే దాన్ని పీకి పారేసింది. గిజిగాడు మండిపడి, అడవిలో తీర్పులు చెప్పే ఏనుగు దగ్గర దావా వేశాడు.

"పోయిన గూడొక్కటే ఇప్పిస్తే చాలదయ్యా! ఆ కోతి పొగరు అణగాలి. వంద గూళ్ళు అల్లి ఇవ్వమనండి!"

"పోయింది ఒక్కటే కదా నాయనా. దాని పొగరుకు జరిమానాగా ఇంకో రెండు. అంతకు మించితే అడవి చట్టం ఒప్పుకోదు," అంది ఏనుగు.

గిజిగాడు గొణుక్కుంటూ వచ్చేశాడు. కోతి తనకు చేతనైనట్టు మూడు గూళ్ళూ అల్లింది. గిజిగాడు దర్జాగా మొదటి దాంట్లోకి దూరాడు. అడుగు ఊడి బురదలో పడ్డాడు. రెండోదీ అంతే. మూడోదాని వంక చూసి, రెక్కలు దులుపుకుంటూ తనను తానే చూసుకుని నవ్వుకున్నాడు.

"చట్టం చల్లగుండ! నా మాటే నెగ్గి ఉంటే, ఇలా పడుతూ లేస్తూనే ముసలాణ్ణైపోయేవాణ్ణి!"