తాటిదా, ఈతదా?

"పాట డిలీట్ చేసేస్తున్నా డాడీ!"

హామిల్టన్ తెలుగువాళ్ళ ఫంక్షన్ హాలు బయట, కారులో గిటార్ పట్టుకుని కూర్చున్న ఇషిత ఫోను తెరిచింది. పది నిమిషాల్లో స్టేజీ ఎక్కి అదే పాట పాడాలి.

నిన్న రిలీజైన తన మొదటి పాప్ రాక్ పాటలో 'నీ కళ్ళే చాలు' అని పాడాననుకుంది. కెనడాలో పుట్టిన నాలుక 'ళ' దగ్గర తిరగలేదు. 'నీ కల్లే చాలు' అయి కూర్చుంది.

ఫోను తండ్రి మొహం ముందు పెట్టింది. "చూడు, 'ఏ కల్లు చెల్లెమ్మా, తాటిదా, ఈతదా?' అట. దానికి ఆరొందల లైకులు!"

యాదగిరి ఆ కామెంటు రెండుసార్లు చదివాడు.

"రికార్డింగప్పుడు పక్కనే ఉన్నావ్. ఎందుకు ఆపలేదు?"

నలభై టేకులూ విన్నాడు. కల్లు అన్న మాట ఈ దేశం వచ్చాక తన ఇంట్లో ఒక్కసారి కూడా పలకలేదు. నాన్న ఏం చేసేవాడని ఎవరడిగినా వ్యవసాయమనే చెప్పుకొచ్చాడు. కూతురు గొంతెత్తి ఆ మాట పాడుతుంటే ఎందుకో ఆపబుద్ధి కాలేదు.

"నొక్కేస్తున్నా డాడీ."

"ఆగు బిడ్డా. ముందు వాడడిగినదానికి జవాబు రాయి."

"ఏమని?"

కారు పక్కగా తెలిసినవాళ్ళంతా హాల్లోకి వెళ్తున్నారు. యాదగిరి అద్దం కిందికి దించాడు.

"తాటిదని రాయి," అన్నాడు, బయటికి వినబడేలా. "మీ తాత అంజయ్య ఎక్కినవి తాటిచెట్లే."