రెండో వైపు

మిట్టమధ్యాహ్నం. హాలు నిండా ఎండ, అయినా లైట్లన్నీ వెలుగుతున్నాయి. విద్యుత్ పొదుపు మీద హెడ్మిస్ట్రెస్ ఉపన్యాసం మంచి ఊపులో ఉండగా, ఏడో తరగతి పిల్ల లేచి వెళ్ళి టపటపా స్విచ్చులు కట్టేసింది.

"ఎవర్నడిగి ఆర్పావే?"

"మీరే ఆర్పమన్నారుగా మేడమ్!"

హాలంతా గొల్లుమంది.

"ఎదురు సమాధానమా? 'ఇంకెప్పుడూ లైట్లు ఆర్పను' అని వందసార్లు రాసుకురా!"

మర్నాడు పిల్ల కాగితాల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. ముత్యాల్లాంటి అక్షరాలు, వందకి వందా ఉన్నాయి. సంతకం పెట్టబోతూ హెడ్మిస్ట్రెస్ ఓ కాగితం తిప్పింది. వెనకవైపు నిన్న పంచిన తన ఉపన్యాసమే అచ్చులో ఉంది: "అక్కర్లేని ప్రతి లైటూ ఆర్పండి. ప్రతి కాగితాన్నీ రెండువైపులా వాడండి."

"హాల్లో చెత్తబుట్ట నిండా ఇవే మేడమ్," అంది పిల్ల, చేతులు కట్టుకోకుండానే. "సంతకం ఎటువైపు పెడతారు?"