పెద్దకోడలి చేత్తో

ఏడింటికి జీపు వస్తుంది. ఆలోగా ధరణి చేయాల్సిన పనులు బోలెడున్నాయి. పాలు పితికించి కేంద్రానికి పంపాలి. పదిమందికి చిత్రాన్నం కలపాలి. పెరుగన్నంలో తాలింపు వేయాలి. వడలకు పప్పు రుబ్బాలి. చాపలు, ఇస్తరాకులు, నీళ్ళ బిందె వాకిట్లోకి చేర్చాలి. మొగుడి తెల్లచొక్కా ఇస్త్రీ చేయాలి. వీధిలో ఎవరైనా అడిగితే, కార్తీక వనభోజనాలకు పోతున్నామని చెప్పాలి.

చివరిదే అసలు పని. పోయేది పిల్లను చూడడానికి.

స్వర్ణముఖి ఒడ్డున కొత్తగా పార్కు కట్టారు. రెండు కుటుంబాలూ నది చూడ్డానికి వచ్చినట్టు వచ్చి అక్కడ కలుసుకునేట్టు అత్త రాఘవమ్మ మాట్లాడింది. ఇంటికి పోయి చూస్తే, కుదరనప్పుడు రెండు ఊళ్ళలోనూ మాట పడాలి. పార్కులో అయితే ఎవరి దోవన వాళ్ళు పోవచ్చు.

ఆ సంగతి విన్నప్పటి నుంచీ ధరణికి కాలు నిలవడం లేదు. మరిది అమర్‌నాథ్‌కు ఇరవై ఎనిమిది నిండాయి. ఏడేళ్ళ కిందట తను కాపురానికి వచ్చింది. ఆ ఇంట్లో ఇంకా ఊయల కట్టలేదు. నెలనెలా అత్త దెప్పే మాటలు ఆమెకు తప్పడం లేదు. తోడికోడలొచ్చి ఒక బిడ్డను కంటే, ఆ మాటలన్నీ తనను వదిలిపోతాయి. ఈ సంబంధం ఎట్లాగైనా కుదరాలి.

జీపులో వెనక సీటు మూల అమర్‌నాథ్ ముడుచుకొని కూర్చున్నాడు. గడ్డం కూడా గీసుకోలేదు.

"ఏమబ్బా, పెండ్లిచూపులకు ఇట్లనా వచ్చేది? పిల్ల జడుసుకోదా?" అంది ధరణి.

"నన్నెవురు సూస్తారులే వదినా!" అన్నాడు తల తిప్పుకొని.

"అబ్బో, ఎంత సిగ్గో!"

ఆమె నవ్వింది. ముందు సీట్లో ఉన్న ఆమె భర్త గిరిప్రసాద్ నవ్వలేదు. డ్రైవర్‌తో వానల గురించి మాట్లాడుతున్నాడు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఏట్లో ఎప్పుడూ ఇసుకే చూసిన జనం, నీళ్ళు చూడ్డానికి పార్కుకు ఎగబడ్డారు. సిమెంటు జింక మీద ఎక్కి పిల్లలు కేకలేస్తున్నారు. ధరణి ఒక్క నిమిషం అటే చూసి, చాపలు పరవడానికి వంగింది.

ఐరాల నుంచి వెంకటేశ్వర్లు, ఆయన కూతురు జాహ్నవి అప్పటికే వచ్చి ఉన్నారు. అందరూ కానుగ చెట్టు కింద కూర్చున్నారు. పిల్ల తల ఎత్తలేదు. చామనఛాయ, చల్లని మొహం. ధరణికి చూడగానే నచ్చింది.

"మా అమర్..." అని మరిది గుణాలు చెప్పబోయింది.

"ముందు వడ్డించమ్మా, మాటలు ఆనక," అంది రాఘవమ్మ.

తినడమయ్యాక వెంకటేశ్వర్లు ధరణి వైపు తిరిగాడు.

"అమ్మా, మాకు నీ మాటే ముఖ్యం. నీకు మనసారా ఇష్టమేనా?"

ధరణి ఆశ్చర్యపోయింది. పెద్దకోడలికి ఇంత మర్యాద ఇచ్చే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు.

"మా ఇంట్లో అందరికన్నా నాకే ఎక్కువ ఇష్టం చిన్నాయనా."

"మా బిడ్డను చెల్లెలి మాదిరి సూసుకుంటావా?"

"నా తోడబుట్టినదానికన్నా బాగా సూసుకుంటా. రేపు కాన్పయితే బిడ్డకు నీళ్ళు పోసేది కూడా నేనే."

వెంకటేశ్వర్లు పైగుడ్డతో కళ్ళు ఒత్తుకున్నాడు. అమర్‌నాథ్ లేచి నీళ్ళ వైపు పోయాడు.

రాఘవమ్మ సంచిలోంచి కుంకుమ భరిణె, కనకాంబరాల దండ తీసింది.

"ఇంకేం, నువ్వే పెట్టు. పెద్దకోడలు తన చేత్తో పెడితేనే ఈ మాట చెల్లేది."

ధరణి ఆ గౌరవానికి పొంగిపోయింది. పిల్ల నుదుట బొట్టు పెట్టి, జడలో పూలు ముడిచింది. జాహ్నవి ఆమె కాళ్ళకు మొక్కి, చెయ్యి పట్టుకొని ఎంతకీ వదల్లేదు.

"భయపడాకు. మా ఇంట్లో ఎవురూ నిన్నొక మాట అనరు. నేనుండాను గదా!" అని వెన్ను నిమిరింది.

"పెద్దదాని నోటితోనే వింటిరి, ఆమె చేత్తోనే బొట్టు పెట్టె. ఇంక ముహూర్తం పెట్టుకుందాం," అంది రాఘవమ్మ.

వెంకటేశ్వర్లు తృప్తిగా తలూపి లేచాడు. ఏటిగట్టున నిలబడ్డ అమర్‌నాథ్ వైపు చూడనైనా చూడలేదు. నేరుగా పోయి గిరిప్రసాద్ రెండు చేతులూ పట్టుకున్నాడు.

"రేపు చిన్న పెండ్లాం వచ్చిందని, ఈ పెద్దామెను మాత్రం ఎప్పుడూ మరిచిపోగాకు అల్లుడా!"