ప్లంబరు చెవిలో హోరు

"మోసం! ఆపరేషన్ చేసి వినికిడి మెషీన్ పెట్టినా చెవిలో హోరు పోలేదు!" ఇంటికొస్తూనే ఎగిరాడు ప్లంబరు.

"ఆస్పత్రిలో పోయిందన్నారుగా?" అంది భార్య.

"అక్కడ పోయింది. ఇంట్లో అడుగుపెట్టగానే మళ్ళీ సుయ్యిమంటోంది."

ఆవిడ అతన్ని బాత్రూమ్‌లోకి లాక్కెళ్ళి ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తింది. లోపల నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అతను వాల్వు బిగించాడు. హోరు ఆగిపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు."

"ఇంట్లో ప్లంబర్ని పెట్టుకుని చెప్పొద్దూ?"

"రోజూ చెప్పాను. వినబడకపోయినా సరే సరే అని తలూపేవారు."

ప్లంబరు గొంతు తగ్గింది. "ఇంకా వేటికి తలూపాను?"

ఆవిడ బకెట్ బోర్లించి దానిమీద తీరిగ్గా కూర్చుంది.

అతని చెయ్యి మెల్లగా మెషీన్ మీదికి పాకింది.

"తీశారో, ఊరుకోను! మూడేళ్ళ మాటలున్నాయి."