ఇంటి సాక్ష్యం

ఇళ్ళు మాట్లాడటం నేర్చాక, విన్నదంతా కొనేవాళ్ళకి దాచకుండా చెప్పాలని చట్టం వచ్చింది. భాస్కరానికి ఈ నెలలోనే గుండె ఆపరేషన్ జరగాలి; ఇల్లు అమ్మితేనే డబ్బు. ఆ తొందర తెలిస్తే ధర సగానికి అడుగుతారని, ఆర్నెల్లుగా భార్యాభర్తలు బస్టాపుకి వెళ్ళే మాట్లాడుకుంటున్నారు.

ఇన్నాళ్ళకి వచ్చిన మొదటి బేరం ఒక పెద్దావిడ. గదులన్నీ చూసి, గోడనడిగింది.

"ఏమ్మా, వీళ్ళకి అమ్ముకునే తొందరేమైనా ఉందా?"

"నేను వినలేదండీ," అంది ఇల్లు.

భాస్కరం భార్య సులోచన ఊపిరి పీల్చుకుంది.

"పోనీ, మొగుడూ పెళ్ళాం సఖ్యంగా ఉంటారా?"

"ఆర్నెల్లుగా మాట్లాడుకోవడం లేదండీ."

పెద్దావిడ చెప్పులు వేసుకుంది. "మా అబ్బాయికి కొత్తగా పెళ్ళయిందమ్మా. కాపురం కలిసిరాని ఇల్లు మాకెందుకు?"

"అయ్యో, అది కాదండీ!"

"మరేంటమ్మా?"

సులోచన గోడ వంక చూసింది. ఇల్లు వింటోంది.